ఆడవాళ్లు రాని బంతి

వండిన అన్నంలో సగం ఆ రోజు కూడా మిగిలిపోయింది.

భాను గిన్నె మీది మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది. అన్నం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. పప్పులో గరిటె నిలబడి ఉంది. రేకుల షెడ్డులో ఎదురెదురుగా రెండు వరుసలు ప్లాస్టిక్ పట్టలు పరిచి ఉన్నాయి. ఒక వరుస మీద ముసలి మగవాళ్లు కూర్చుని, తినడం అయిపోయినా లేవకుండా, ఎండిపోతున్న చేతులతోనే కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎదుటి వరుస ఖాళీ. దాని మీద ఒక కోడి తీరిగ్గా నిలబడి మెతుకుల కోసం చూస్తోంది.

ఆ ఖాళీ వరుస తండాలోని ముసలి ఆడవాళ్లది. కేంద్రం తెరిచి నెల దాటింది. ఇంతవరకు ఒక్క ఆడమనిషి వచ్చి దాని మీద కూర్చోలేదు.

దమ్మపేట దాటి, పామాయిల్ తోటలు కూడా అయిపోయి, ఇక అడవి మొదలవుతుందనగా ఉంటుంది ఆ తండా. మిరప కోతలు మొదలైతే కాళ్లూ చేతులూ ఆడేవాళ్లు ఒక్కరూ అక్కడ మిగలరు. ముదిగొండ వైపు చేలకి లారీలెక్కి పోతారు. చంటిపిల్లల్ని చంకనేసుకుని, వంటసామాను మూటగట్టుకుని పోతారు. చేలల్లోనే గుడిసెలు వేసుకుని, కోతలన్నీ అయ్యాకే తిరిగొస్తారు. అప్పటిదాకా తండాలో ఉండేది ముసలివాళ్లు, మేకలు. ఆ ముసలివాళ్లకి మధ్యాహ్నం ఒక పూట వేడి అన్నం, పగలంతా కూర్చోవడానికి నీడ, అప్పుడప్పుడు నర్సు వచ్చి చూసి వెళ్లడం. ఖమ్మంలోని ఒక ప్రాజెక్టు ఆఫీసు ప్రయోగంగా మొదలుపెట్టిన పథకం అది. తండాని ఎంచింది, షెడ్డు ఎలా ఉండాలో గీసింది, ముసలివాళ్ల గడపగడపకీ తిరిగింది, అంతా భానే. తిరుమలాయపాలెం దగ్గర ఇంకో తండాలో పుట్టిన పిల్ల ఆమె. లంబాడీలో మాట్లాడుతుంది. ఉద్యోగం ఇచ్చినప్పుడు ఆఫీసర్లు చూసుకున్న అర్హత అదే.

బయట మోటార్‌సైకిల్ ఆగిన చప్పుడైంది. జయప్రకాశ్ వచ్చాడు. ఆఫీసులో భాను పైఅధికారి. కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ లోపలికి తొంగిచూసి, ఖాళీ వరుసనీ కోడినీ చూసి, ఏమీ అనకుండా మళ్లీ బయటికి నడిచాడు. భాను వెనకే వెళ్లింది.

"శుక్రవారం ఉదయశ్రీ మేడం వస్తున్నారు. హైదరాబాద్ నుంచి," అన్నాడు. "ముసలాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, వాళ్ల కోసమే ఈ కేంద్రం అని ప్లానులో రాసింది నువ్వే. ఆవిడ అడగబోయే మొదటి ప్రశ్న వాళ్లేరీ అని. ఏం చెప్తావు?"

జవాబు ఆయన దగ్గరే ఉంది. రోడ్డు పక్క ఊళ్లో పెద్దరైతు వెంకటరామారావుగారు పొగాకు ఆరబెట్టే తన పాత బ్యారన్ ఇస్తానంటున్నారు, శుభ్రం చేయించి, ఫ్యాన్లు కూడా పెట్టిస్తారట, ఆ ఊళ్లోనూ దిక్కులేని ముసలివాళ్లు ఉన్నారు, వాళ్లు వస్తారు. శుక్రవారం కూడా ఈ వరుస ఖాళీగానే ఉంటే కేంద్రాన్ని అక్కడికి మార్చమని మేడం రాయడం ఖాయం.

"అంత దూరం తండావాళ్లు నడవలేరు సార్."

"గుమ్మం ముందుంటేనే రావట్లేదుగా," అన్నాడు జయప్రకాశ్. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే అది భానుకి ఎక్కడో గట్టిగా తగిలింది.

ఆయన బండి వెళ్లిపోయాక వంటమనిషి సోమ్లిని అడిగింది. సోమ్లి పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగుతూ, ఎవరి మనసులో ఏముందో నాకేం తెలుసు మేడం, అంది. ఆమెకీ, ఆ ఆడవాళ్లకీ పడదేమో అని భానుకి మొదటి నుంచీ ఒక అనుమానం. దాన్ని తేల్చుకుందామని ఇల్లిల్లూ తిరిగింది. ఒకామె మేకల్ని వదిలి రాలేనంది. ఇంకొకామె ఒక్కపొద్దు ఉన్నానంది. జమ్లి అనే ఆమె మోకాలు పట్టుకుని మూలిగింది. భాను వీధి మలుపు తిరిగి వెనక్కి చూసేసరికి అదే జమ్లి బిందె నెత్తిన పెట్టుకుని బోరింగు దగ్గరకి చకచకా నడుస్తోంది. ఎవరి అబద్ధం వాళ్లదే. చెప్పే తీరు మాత్రం అందరిదీ ఒకటే. నేల చూపు, చిన్న నవ్వు, తొందరగా వెళ్లిపోతే బాగుండునన్నట్టు ఒక నిమిషం మౌనం. అందరూ కలిసి ఏదో దాస్తున్నారు.

చివరిది హేమ్లి గుడిసె. షెడ్డు వెనక గోడకి ఆనుకున్నట్టే ఉంటుంది. పప్పు తాలింపు వేస్తే ఆ వాసన ముందు చేరేది అక్కడికే.

హేమ్లి గడపలో కూర్చుని ఉంది. ముందు సత్తు గిన్నెలో నీళ్లు, అందులో ఎప్పటిదో జొన్నరొట్టె. అది నానిందో లేదో వేలితో నొక్కి చూస్తోంది. నానని చోట చిన్న ముక్క విరిచి దవడలో పెట్టుకుని, కొరకకుండా, ఉప్పూ కారం అద్దిన వేలు నాలుక మీద రాసుకుని, కళ్లు మూసుకుని అది మెత్తబడేదాకా ఎదురుచూస్తోంది. అలికిడి విని కళ్లు తెరిచి, గిన్నెని పక్కకి జరిపి మోకాలు అడ్డం పెట్టింది. కాళ్లకి వాపు వచ్చి కడియాలు మాంసంలోకి దిగబడి ఉన్నాయి.

భాను ఆమె పక్కనే నేల మీద చతికిలబడింది. గోడ అవతల మగవాళ్లు నవ్వుతున్నారు.

"యాడీ," అంది లంబాడీలో, అమ్మని పిలిచినట్టు. "పక్కకే వేడన్నం ఉన్నది. నువ్వు ఇది తింటున్నవు. నేనేం తప్పు చేసిన? చెప్పు."

హేమ్లి ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "నువ్వు మన పిల్లవే గద. తెలిసి అడుగుతున్నవా, తెలువక అడుగుతున్నవా?"

"తెలువకనే అడుగుతున్న."

"ఎదురెదురుగ ఏసినవు పట్టలు," అంది హేమ్లి. "ఎదురుంగ ఆయన కూసుంటడు."

"ఎవరు?"

హేమ్లి పేరు చెప్పలేదు. గడ్డం ఎత్తి షెడ్డు తలుపు వైపు చూపించింది. తలుపు పక్కన ఎప్పుడూ కూర్చునేది దేవ్లా. తండాకి ఒకప్పటి నాయక్. అక్కడి ముసలివాళ్లందరిలోకీ పెద్ద.

"నా పెనిమిటికి అన్న. లగ్గం చేసుకొని వచ్చిన కాంచి ఆయనకు నా మొఖం చూపెట్టలే. ఆయన ముంగట మాట మాట్లాడలే. ఈ వయసుల ఆయన ముంగట నోరు తెరిచి ముద్ద పెట్టుకోవాల్నా? నేనే కాదు, జమ్లి గట్లనే, అందరం గట్లనే. మా అందరి మొగోళ్ళకు ఆయన అన్ననే."

భాను తలతిప్పి షెడ్డు గోడ వైపు చూసింది.

"వేరే పిల్ల ఎవలన్న ఏస్తే తెలువక ఏసిందనుకుందుము. మన పిల్ల ఏసింది గద. అంటే ఇది మొగోళ్ళకే, మమ్మల్ని రావద్దని చెప్పినట్టే అనుకున్నం." హేమ్లి గిన్నె మళ్లీ ముందుకి జరుపుకుంది. రొట్టె నానింది. "నీ మీద కోపమేం లేదు. మొగోళ్ళన్న తింటున్నరు గద."

ఎదురెదురు వరుసలు భాను సొంత ఆలోచన. ముసలివాళ్లకి అన్నం కంటే తోడు ముఖ్యం, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తినాలి అని ట్రైనింగులో బోర్డు మీద బొమ్మ గీసి చెప్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఖమ్మంలో ఆమె ఇంటికి భర్త అన్న వస్తే ఆయనకి కుర్చీ వేసి, తనూ ఎదురుగా కుర్చీ వేసుకుని టీ తాగుతుంది. ఆ ముసుగుల కాలం పోయిందనుకుంది. పోయింది ఆమె ఇంట్లోంచి మాత్రమే.

బుధవారం నాడు రెండు బంతులు పెట్టి చూసింది. ముందు మగవాళ్లు, వాళ్లు లేచాక ఆడవాళ్లు. మగవాళ్లకి విషయం చెప్పకుండా, తినగానే ఇళ్లకి వెళ్లి నడుం వాల్చమంది. దేవ్లా తప్ప అందరూ లేచారు. ఆ ఒక్కడితోనే పేచీ. మిగతా మగవాళ్ల ముందు ముసుగు సర్దుకుని ఓ మూలకి తిరిగి కూర్చుంటే ఎలాగో సరిపోతుంది. దేవ్లా సంగతి అది కాదు. అందరికీ పెద్ద, పైగా నాయక్‌గా చేసినవాడు.

దేవ్లా తలుపు పక్కన తన చోట్లోనే కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పొద్దున సోమ్లి పొయ్యి వెలిగించకముందే వస్తాడు. చీపురు పట్టి షెడ్డు ఊడుస్తాడు, తొట్లో నీళ్లు నింపుతాడు. కొడుకూ కోడలూ ఇంటికి తాళం పెట్టి కోతలకి పోయారు. ఆయనకి వదిలింది వసారా, అందులో ఒక కుక్కిమంచం. మధ్యాహ్నానికి ఆ వసారాలోకి ఎండ మొత్తం దిగుతుంది.

"నన్ను గూడ పొమ్మంటున్నవా బేటీ?" అన్నాడు.

భాను నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. లేదు దాదా, కూర్చో, అంది.

బోరింగు దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. తలుపు పక్క ఆయన కాళ్లు కనిపించాయి. బిందెలెత్తుకుని వెళ్లిపోయారు. సాయంత్రం సోమ్లి చెప్పింది, ఆయన లేచి వెళ్లినా వాళ్లు రారని. మగవాళ్లు తిన్నాక మిగిలింది తినడం ఇంట్లో ఎలాగూ ఉంది, ఇక్కడ కూడా అదేనా అని హేమ్లి అందట.

గురువారం భాను సెల్‌ఫోన్ పట్టుకుని మెయిన్ రోడ్డు కల్వర్టు దాకా నడిచింది. సిగ్నల్ దొరికేది అక్కడే. జయప్రకాశ్ అంతా విన్నాడు. కొంచెంసేపు నవ్వాడు. తర్వాత, "ఇంత చిన్నదానికా నువ్వు బెంగపడుతున్నది," అన్నాడు. "రేపు ఒక్కపూట ఆ పెద్దాయన్ని ఎటన్నా పంపించెయ్. దమ్మపేటలో కళ్ల క్యాంపు ఉంది, అక్కడికి పంపు. మేడం చూసి వెళ్లిపోతారు. కేంద్రం నిలబడుతుంది. తర్వాత సంగతి తర్వాత."

కల్వర్టు మీద కూర్చుని భాను అటూ ఇటూ ఆలోచించింది. ఆయన పొద్దున్నే వచ్చి ఊడ్చే షెడ్డులోంచి ఆయన్నే బయటికి పంపడం. పంపకపోతే కేంద్రమే పోతుంది, హేమ్లి రొట్టె నానబెట్టుకుంటూనే ఉంటుంది. లేచి, ఆటో నడిపే వీరన్నని వెతుక్కుంటూ వెళ్లింది.

కళ్ల క్యాంపు అనగానే దేవ్లా మొహం వెలిగిపోయింది. "నా కండ్ల సంగతి నన్ను ఎవలూ అడగలే బేటీ," అన్నాడు. శుక్రవారం పొద్దున ఉతికిన ధోతీ కట్టుకుని, తలపాగా కొత్తగా చుట్టుకుని, ఆటోలో వీరన్న పక్కన నిటారుగా కూర్చున్నాడు. పోయే ముందు షెడ్డు ఊడ్చి మరీ వెళ్లాడు.

ఆటో దుమ్ములో కలిసిపోయాక భాను హేమ్లి గుడిసెకి వెళ్లి, ఇవాళ ఆయన ఉండడని చెప్పింది. హేమ్లి ఏమీ అడగలేదు. గడపలోంచి లేచి, కాళ్లు కడుక్కుంది.

ఆడవాళ్లు వచ్చారు. ఒకరి వెనక ఒకరు, గాజుల గలగలలతో, అద్దాలు కుట్టిన పాత లంగాలతో వచ్చి ఖాళీ వరుసని నింపేశారు. చోటు చాలక సోమ్లి గోనెసంచులు పరిచింది. ఉదయశ్రీ జీపు దిగి లోపలికి వచ్చేసరికి వడ్డన మొదలైంది. నడివయసు మనిషి, మాట తక్కువ. జయప్రకాశ్ కుర్చీ తెప్పించబోతే వద్దని ఆడవాళ్ల పక్కనే పట్ట మీద కూర్చుంది. జమ్లి ఆమె చేతికి ఒకే ఒక్క గాజు ఉండటం చూసి, ఇంత పెద్ద నౌకరి చేస్తవు, గాజులు కొనియ్యడా నీ మొగుడు, అని లంబాడీలో అడిగింది. భాను తెలుగులో చెప్పింది. ఉదయశ్రీ నవ్వింది. షెడ్డంతా నవ్వింది.

భాను మాత్రం హేమ్లిని చూస్తోంది. హేమ్లి మాట్లాడటం లేదు. అన్నంలో పప్పు కలిపి, ముద్దని చేతిలో గుండ్రంగా తిప్పి, నోట్లో పెట్టుకుని, కొరకాల్సిన పని లేని ఆ మెత్తదనాన్ని కాసేపు అలాగే ఉంచుకుని మింగుతోంది. రెండోసారి పప్పు అడిగింది. జయప్రకాశ్ భాను దగ్గరకి వచ్చి, "చెప్పానా," అన్నాడు నెమ్మదిగా.

అప్పుడు ఆటో చప్పుడు వినిపించింది.

దేవ్లా సాయంత్రానికి గాని రాకూడదు. వచ్చేశాడు. ఎండలోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అప్పటిదాకా బయటికి వినిపిస్తున్న నవ్వులు కత్తితో కోసినట్టు ఆగిపోయాయి. ముసుగులన్నీ ఒక్కసారిగా ముక్కు కిందిదాకా జారాయి. వీపులు గోడ వైపు తిరిగాయి. కలిపిన ముద్దలు కంచాల్లోనే ఉండిపోయాయి.

ఉదయశ్రీ భాను వైపు చూసింది. ఏమైందని ఆమె అడగలేదు. అడిగినట్టే ఉంది ఆ చూపు.

దేవ్లా తలుపులోనే ఉన్నాడు. తల కొంచెం పక్కకి వంచి ఆ నిశ్శబ్దాన్ని వింటున్నాడు.

"అందుకా బేటీ నన్ను పంపినవ్?" అన్నాడు.

"కళ్ల క్యాంపు ఉందని..." అని జయప్రకాశ్ అందుకోబోయాడు.

"అవ్ దాదా," అంది భాను. "అందుకే."

దేవ్లా తల ఊపాడు. వెనక్కి తిరిగి, తడుముకుంటూ వెళ్లి, నీళ్ల తొట్టి గట్టు మీద ఎండలో కూర్చున్నాడు. "ఆకలైతుంది. ఈడికే తేపో," అన్నాడు.

భాను కంచం తీసుకెళ్లి ఇచ్చింది. లోపలికి వచ్చి ఉదయశ్రీ ముందు నిలబడి, తెలుగులో, జయప్రకాశ్ వైపు చూడకుండా చెప్పింది. ఈ షెడ్డు ఇలా ఉండాలని గీసింది తనే. ఆ వరుసల వల్లే ఆడవాళ్లు నెలంతా రాలేదు. ఇవాళ వచ్చింది ఆయన్ని బయటికి పంపించబట్టి. ఆయన్ని పంపించింది కూడా తనే. ఉదయశ్రీ అంతా విని, "అయితే ఇవాళ నేను చూసింది లెక్కలోకి రాదు," అంది.

జయప్రకాశ్ నుదురు కొట్టుకున్నాడు.

బయట నుంచి దేవ్లా గొంతు వచ్చింది. "లోపలోళ్లు తింటున్నరా?"

భాను గుమ్మంలోకి వెళ్లింది. "లేదు దాదా."

"తినుమను."

భాను తల తిప్పి లోపలికి చెప్పింది. అందరూ ముందే విన్నారు. అయినా ఆమె చెప్పేదాకా ఎవరూ కదల్లేదు. పెద్దబావకీ మరదళ్లకీ మధ్య నేరుగా మాట నడవదు. మూడో మనిషి నోట్లోంచి వస్తేనే అది మాట.

ముసుగు కింది నుంచి హేమ్లి గొంతు వచ్చింది, భానుని ఉద్దేశించి. "పెద్దమనిషి ఎండల కూసుంటే మేం నీడకు కూసొని తింటమా? అడుగు."

భాను బయటికి చెప్పింది.

"నాకు కనపడదని చెప్పు," అన్నాడు దేవ్లా, ముద్ద కలుపుకుంటూ. "డాక్టర్ చూసిండు. రెండు కండ్లకు పొర కమ్మిందంట. సోమారం ఆపరేషన్ చేస్తరంట, తోడు మనిషిని తెచ్చుకోమని ఎనకకు పంపిన్రు. లోపల కూసున్నా ఎవలు ఎవలో నాకు తెలువది. మసక మసక. ఇంక ఏం సిగ్గు? నేను లోపలికొస్త, వాళ్లను తినుమను."

సమస్య విడిపోయిందనుకుంది భాను. తొందర తొందరగా లోపలికి చెప్పింది. హేమ్లి ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు.

"ఆయనకు మేం కనపడం. మాకు ఆయన కనపడ్తడు గద."

సోమ్లి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మాట బయటికి వెళ్లింది. దేవ్లా నమలడం ఆపి, కాసేపటికి మళ్లీ మొదలుపెట్టాడు.

"అయితే నడుమ తడిక కట్టుండ్రి," అన్నాడు. "ఆడోళ్లు తడికెనక కూసొని తింటరు."

ఇదేం మాట్లాడుకుంటున్నారని ఉదయశ్రీ అడిగితే సోమ్లి వచ్చీరాని తెలుగులో చెప్పింది. జయప్రకాశ్‌కి అది నచ్చింది. తడిక ఎంతసేపు, ఇప్పుడే కట్టించేయొచ్చు. భాను లోపలికి తిరిగి ఆ మాట చెప్పింది.

హేమ్లి చేతిలోని ముద్దని కంచంలో పెట్టి, వేళ్లకి అంటిన మెతుకులు ఒక్కొక్కటే దులుపుకుంది.

"ఆయన పెద్దమనిషి. నేను కాదంటలేను," అంది. "లగ్గమైన కాంచి ముసుగుల ఉన్న. ఎండకాలం ముసుగుల వంట చేసి ఊపిరాడక పొయ్యి కాడ్నే పడిపోయిన. ఒక్కనాడు గూడ ఒక్కమాట అనలే. ఇప్పుడు బుక్కెడు బువ్వ కాడ గూడ మళ్ల నన్ను తడికెనకకు తోస్తరా? మేం ఇంతమందిమి, ఆయనొక్కడు. తడిక మాకు కాదు. ఆయనకు కట్టమను."

తొట్టి గట్టు మీద దేవ్లా చెయ్యి కంచానికీ నోటికీ మధ్య ఆగిపోయి ఉంది. ఆయన విన్నాడు. కానీ భాను చెప్పకపోతే ఆయన విననట్టే. కావాలంటే హేమ్లి అననట్టే. దేవ్లా చెప్పిన మాట మీదే ఆగిపోయి, మధ్యలో తడిక కట్టి, అందరూ ఎవరి మర్యాద వాళ్లు దక్కించుకోవచ్చు.

"వద్దు భానూ," అన్నాడు జయప్రకాశ్, సోమ్లి చెప్పింది విని పక్కకి వచ్చి. "ఆయన చెప్పిందే బాగుంది. దాంతో కానిచ్చెయ్."

ముసుగులన్నీ భాను వైపు తిరిగి ఉన్నాయి. ఒక్కదాని కిందా కళ్లు కనిపించడం లేదు.

భాను గుమ్మం దిగి తొట్టి దాకా వెళ్లింది. దేవ్లా ముందు నిలబడి హేమ్లి అన్నది మొత్తం చెప్పింది. ఊపిరాడక పడిపోయిన సంగతి కూడా వదల్లేదు. చివరిమాట చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. తగ్గిందని తెలుసుకుని, అదే మాట మళ్లీ గట్టిగా చెప్పింది.

"తడిక నీకు కట్టమంటున్నది, దాదా."

దేవ్లా ఆ ముద్ద తిన్నాడు. చెంబు కోసం తడిమాడు. భాను అందిస్తే నీళ్లు తాగి, మీసాలు తుడుచుకున్నాడు.

"ఏ దిక్కు కడ్తరు?" అన్నాడు. "నాకు తలుపు దిక్కు కావాలె. గాలొస్తది."

భాను లోపలికి చెప్పేలోపే ముసుగుల కింద గుసగుసలు లేచాయి. "తలుపు ఆయనే తీసుకుంటే మేం యాడికెళ్లి రావాలె? కిటికీలకెళ్లి దూకాల్నా?" అంది హేమ్లి. జమ్లికి నవ్వు ఆగక పొలమారింది. బేరం ఇంకాసేపు నడిచింది. తలుపు ఆడవాళ్లకి, కిటికీ మూల దేవ్లాకి అని తేలింది. ఇన్నాళ్లూ ప్లానులు గీసిన భాను ఆ బేరంలో అటూ ఇటూ తిరిగే నోరు మాత్రమే అయింది.

ఉదయశ్రీ లేచి చెయ్యి కడుక్కుంది. "రేపు మధ్యాహ్నం వరకు దమ్మపేటలో ఉంటాను," అంది భానుతో. "ఆయన లోపల ఉండగా వీళ్లు తింటే, అది చూసి రాస్తాను. తినకపోతే అదీ రాస్తాను."

ఆ సాయంత్రం ముసలివాళ్లు కంచెలోంచి వెదురు కొట్టుకొచ్చి తడిక అల్లారు. తమ్ముళ్లు అల్లుతుంటే దేవ్లా పక్కన కూర్చుని, ఇంకొంచెం ఎత్తు, ఇంకొంచెం దగ్గరగా అని చేత్తో తడిమి చెప్పాడు. నాయక్‌ని మూలన కట్టేస్తున్నరంట అని ఒక తమ్ముడు ఎగతాళి చేస్తే, నీ పెండ్లానికి నువ్వు చెప్పుకోలేవు, నా కాడ మాట్లాడుతున్నవు, అని నోరు మూయించాడు.

శనివారం వడ్డన వేళకి ఆయన కిటికీ మూలలో తడిక వెనక కూర్చుని ఉన్నాడు. మిగతా మగవాళ్లు ఒక గోడకి, ఎదురు కాకుండా పక్కకి తిరిగి కూర్చున్నారు. పట్టలు ఈసారి భాను తన ఇష్టానికి వేయలేదు. సోమ్లినీ జమ్లినీ అడిగి వాళ్లు చెప్పినట్టు వేసింది. ఉదయశ్రీ జీపు వచ్చి ఆగింది. అప్పటికి ఒక్క ఆడమనిషీ రాలేదు. అన్నం మీద మూత తీయకుండా సోమ్లి గరిటె పట్టుకుని నిలబడింది. జయప్రకాశ్ గడియారం చూసుకున్నాడు. వెంకటరామారావుగారు బ్యారన్‌కి రంగులు వేయించడానికి మనుషుల్ని పిలిపించారట, వస్తూనే చెప్పాడు.

ముందు వచ్చింది హేమ్లి. గుమ్మంలో ముసుగుతోనే ఆగి తడికని పైనుంచి కిందిదాకా చూసింది. తడికకీ నేలకీ మధ్య సందులోంచి దేవ్లా కాలివేళ్లు కనిపిస్తున్నాయి. ఆమె మాట్లాడకుండా మూలనున్న గోనెసంచి తీసి, మడతపెట్టి, కాలితో ఆ సందులోకి తోసింది. అవతల కాలివేళ్లు మర్యాదగా వెనక్కి జరిగాయి. అప్పుడు హేమ్లి వరుసలో మొదటి చోట కూర్చుని, ముసుగు తీసి భుజం మీద వేసుకుని, కంచం ముందుకి జరుపుకుంది.

ఆమె కోసమే చూస్తున్నట్టు మిగతావాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు.

ఉదయశ్రీ కూర్చోలేదు. అందరూ తినేదాకా గుమ్మంలోనే నిలబడి చూసింది. తర్వాత జయప్రకాశ్‌తో, వెంకటరామారావుగారికి కృతజ్ఞతలు చెప్పమంది. ఆ ఊరి ముసలివాళ్లకి ఇంకో కేంద్రం అడుగుదామని, ఇది మాత్రం ఎక్కడికీ కదలదని చెప్పి జీపెక్కింది. ఆయన భాను వైపు చూసి, తల అడ్డంగా ఊపి, నవ్వి, బండి స్టార్ట్ చేశాడు.

భాను అవతలి చివర మజ్జిగ పోస్తోంది. అప్పుడు తడిక వెనక నుంచి దేవ్లా గొంతు వినిపించింది, ఎవరినీ ఉద్దేశించనట్టు.

"సోమారం పొయ్యేతందుకు తోడు మనిషి దొర్కలే."

అలవాటు ప్రకారం హేమ్లి భాను కోసం చూసింది. భాను దూరంగా ఉంది, వంగి జమ్లి గ్లాసు నింపుతోంది. హేమ్లి ఒక క్షణం ఆగింది. తర్వాత తడిక వైపు తిరిగింది.

"నా మన్మడు నన్ను చూసిపోయేతందుకు రేపు కోతల కాంచి ఒస్తడు," అంది. "వాణ్ని తీస్కపొమ్మను."

షెడ్డులో కంచాల చప్పుడు ఆగింది.

"సరే," అంది తడిక అవతలి గొంతు.

చెంబు పట్టుకుని భాను అక్కడే నిలబడిపోయింది. ఆ మాటని ఎవరికీ చేర్చాల్సిన పని లేకపోయింది.